మూత కిందపడితే

కంచరపాలెంలో, రైలు పట్టాల దగ్గర,
రేషను డిపో మీద గది మాది.
పోర్టు నుంచి వచ్చే నల్లటి దుమ్ము
పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ కిటికీ ఊచల మీద.
నా ఉద్యోగంలో సగం తుడవడమే.

మిగతా సగానికి సరైన పేరు లేదు.
రిజిస్టరులో 'కౌన్సెలింగ్' అని రాస్తాను.
పక్కన రెండు గళ్ళు: హాజరు, పురోగతి.
రెండో గడి దగ్గర
పెన్ను చాలాసార్లు ఆగిపోతుంది.

మోక్షిత మొదటిరోజు చెప్పులు విప్పలేదు.
ఐదేళ్ళ పిల్ల,
తలుపు కనిపించేలా చూసుకుని
గోడకి వీపు ఆనించి కూర్చుంది.
వాళ్ళమ్మ నూకరత్నం
మోచేయి దాకా చెంగు కప్పుకుని
"గుంట మాటాడ్డం మానీసిందండి, దసరా ముందు కాణ్ణించీ" అంది.
దసరా ముందు ఏమైందో నేనడగలేదు.
కేజీహెచ్ చీటీలో కుట్ల లెక్క ఉంది.
లెక్కకి రానివి పిల్ల దగ్గరున్నాయి.

మెట్ల మీద అడుగులు వినబడితే చాలు
ఎవరివో ఆ ఒళ్ళు చెప్పేస్తుంది.
పాలబ్బాయివైతే భుజాలు దిగుతాయి,
బరువైన బూట్లైతే
బొటనవేలు గుప్పిట్లోకి వెళ్ళి దాక్కుంటుంది.
యాభైమూడేళ్ళొచ్చాక నేను మెట్లెక్కడం మళ్ళీ నేర్చుకున్నాను,
మూడో మెట్టు నుంచే
"నేనే, సుశీలమ్మని" అని చెప్పుకుంటూ.

బొమ్మలన్నిటినీ మంచం కింద పడుకోబెట్టేది.
మంచం మీద ఒక్కటీ ఉండకూడదు.
ఓ రోజు నేనూ దూరాను కిందికి, నడుం పట్టేసినా.
అక్కణ్ణించి చూస్తే
లోకమంతా కాళ్ళే.
ఏవి ఆగుతాయో, ఏవి ఇటు తిరుగుతాయో.
చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.
ఒక బొమ్మని నా పక్కకి జరిపింది.

నూకరత్నం మూడు వారాలు
వచ్చిన ప్రతిసారీ ఆ చాప మీద నిద్రపోయింది.
పగటిపూట, నోరు తెరుచుకుని,
ఎవరూ లేపరని తెలిసినవాళ్ళు పడుకున్నట్టు.
హాజరు అని రాశాను.
లేచాక ఒకసారి తనే అంది:
"పరువు పోద్దని సెప్పనేదండి.
గుంట ఇంటందని ఆలోసించనేదు."

మాఘమాసంలో ఉప్మా చేస్తుంటే
నా చేతిలోంచి సత్తు మూత జారి
గచ్చు మీద గింగిరాలు తిరిగింది.
అది ఆగేలోపు తల్లి రెండు చేతులూ తల మీద,
పిల్ల మంచం కింద.
పొయ్యి కట్టి పైకే చెప్పాను:
"మూత నేనే పడేశాను. చెయ్యి జారింది.
ఎవరికీ కోపం రాలేదు."
ఉప్మా మాడింది. అదే తిన్నాం.

తర్వాతి బుధవారం
మోక్షిత తనే వచ్చి మూత తీసింది.
ఛాతీ దాకా ఎత్తి వదిలింది.
మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.
మళ్ళీ వదిలింది.
మొదటిసారి నూకరత్నం ఉలిక్కిపడింది,
రెండోసారి కళ్ళు మాత్రం మూసుకుంది,
ఎన్నోసారో నాకు గుర్తులేదు,
"ఇంకోపాలి ఎయ్యే" అంది.

కింద నుంచి డిపో అప్పలకొండ కేక:
"ఏటమ్మా ఆ గోల!"

మగగొంతు.
గదిలో గాలి బిగుసుకుంది.
నేను లేవబోయేలోపు నూకరత్నం కిటికీ దగ్గరికెళ్ళి
ఊచలు పట్టుకుని, దుమ్ము చేతులతో,
వీధంతా వినబడేలా అరిచింది:
"పిల్ల ఆడుకుంటందండి!"

వెనక నుంచి
ఐదు నెలలుగా వాడని గొంతు, బొంగురుగా:
"నానే పడీసేను."

పురోగతి గడిలో 'చప్పుడు' అని రాశాను.
పై ఆఫీసువాళ్ళు అడిగితే
చెప్పడానికి నా దగ్గర వేరే మాట లేదు.

మొన్న మధ్యాహ్నం నిద్రలో
పిల్ల మళ్ళీ దుప్పటి తడిపింది.
తల్లీ నేనూ చెరో కొస పట్టి పిండి
డాబా మీద ఆరేశాం.
దుమ్ము పడుతుంది.
సాయంత్రం దులపాలి.